కుక్క వాంతులు, ఫోన్లో నేను అడగని ప్రశ్న: ఒక కేస్ స్టడీ

మే నెల వచ్చిందంటే మా క్లినిక్‌కి వాంతుల కుక్కలు ఎక్కువవుతాయి. కొన్ని ఎండదెబ్బతో వస్తాయి, కొన్ని పాచిపోయిన అన్నం తిని, కొన్ని పెళ్లి భోజనాల ఎముకలు నమిలి. వీటిలో చాలావరకు ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటాయి. అలా సర్దుకునేవాటి మధ్యే సర్దుకోనిది కూడా ఉంటుంది. దాన్ని విడిగా పట్టుకోవడంలో నేను దాదాపు 40 గంటలు ఆలస్యం చేసిన కేసు ఇది. కుక్క బతికింది. అయినా ఆ 40 గంటల్లో ఏ గంటకు ఏం ఆలోచించానో రాసిపెట్టాలనిపించింది. కుక్కను పెంచుకునేవాళ్లకూ, కొత్తగా ప్రాక్టీసు మొదలుపెట్టిన పశువైద్యులకూ పనికొస్తుందని. కుటుంబం అనుమతితోనే రాస్తున్నాను. వాళ్లను గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

నేపథ్యం

కోస్తాలో ఒక చిన్న పట్నం. నాలుగేళ్ల మగ లాబ్రడార్, 31 కిలోలు. పిల్లప్పటి నుంచీ నా దగ్గరికే తెస్తున్నారు. టీకాలన్నీ వేళకు పడ్డాయి, పురుగుల మందు కూడా. ఇంట్లో పెద్దావిడ, కొడుకు, కోడలు. సెలవులకు వచ్చిన పిల్లలు నలుగురు.

కేసు కార్డులో రెండేళ్ల కిందటి ఒక లైను ఉంది: "సాక్సు మింగింది, మర్నాడు వాంతిలో వచ్చేసింది." లాబ్రడార్లు దొరికింది నమలకుండా మింగేస్తాయని అందరికీ తెలుసు. ఈ కుక్క ఒకసారి మింగి మరీ చూపించింది. ఫోన్ వచ్చినప్పుడు నేను ఇంట్లో ఉన్నాను, కార్డు క్లినిక్‌లో ఉంది.

గురువారం రాత్రి తొమ్మిదిన్నర

"డాక్టరు గారూ, సాయంత్రం నుంచి మూడుసార్లు కక్కాడండీ."

"ఏం వచ్చింది?"

"మొదటిసారి అన్నం. తర్వాత రెండుసార్లూ పసుప్పచ్చటి నురగ."

"రక్తం చారలేమైనా ఉన్నాయా?"

"లేవండీ."

"పొట్ట ఉబ్బిందా? ఇంట్లో గానీ పక్కన గానీ ఎలకల మందు పెట్టారా?"

"లేదండీ, రెండూ లేవు."

"మోషన్స్ అవుతున్నాయా?"

"మోషన్స్ ఏం లేవండీ."

"హుషారుగా ఉన్నాడా?"

"పిలిస్తే తోక ఊపుతున్నాడు. కాస్త డల్‌గా ఉన్నాడంతే."

రాత్రికి తిండి పెట్టొద్దన్నాను. నీళ్లు ఒకేసారి గిన్నెడు కాకుండా గంటకోసారి కొంచెం కొంచెం ఇమ్మన్నాను. పొద్దున్న ఎలా ఉందో చెప్పమని పెట్టేశాను.

అడిగినవాటిలో రెండు ప్రశ్నలు సరైనవే. పొట్ట ఉబ్బడం గురించి ముందే అడగడానికి కారణం ఉంది. ఛాతీ లోతుగా ఉండే పెద్ద జాతి కుక్కల్లో పొట్ట గాలితో ఉబ్బి మెలిపడిపోతుంది. అప్పుడు కుక్క కక్కడానికి ప్రయత్నిస్తుంది గానీ ఏమీ రాదు, చొంగ మాత్రమే కారుతుంది. అది గంటల్లో ప్రాణం తీస్తుంది, పొద్దుటి దాకా ఆగదు. ఎలకల మందూ అంతే. మన దగ్గర ఎక్కువగా వాడే జింక్ ఫాస్ఫైడ్ పొట్టలోని ఆమ్లంతో కలిసి విషవాయువు అవుతుంది. కాబట్టి ఆ అనుమానం ఉంటే అన్నం పెట్టి ఆమ్లం ఊరేలా చేయకూడదు. కుక్క కక్కిన గదిలో తలుపులూ కిటికీలూ తెరవాలి, మనం కూడా ఆ గాలి పీల్చకూడదు. ఈ రెండూ లేవన్నారు కాబట్టి తక్షణ ప్రమాదం లేదనుకున్నాను.

మిగతా లెక్క ఇలా వేసుకున్నాను. వయసొచ్చిన కుక్క, టీకాలు పడ్డాయి, కాబట్టి పార్వో (ఎక్కువగా కుక్కపిల్లలకు వచ్చే ప్రాణాంతక వైరస్ జబ్బు) భయం తక్కువ. రక్తం లేదు. పిలిస్తే పలుకుతోంది. వాంతులు మూడే. వేసవిలో ఇలాంటి పది ఫోన్లలో ఎక్కువ భాగం మామూలు పొట్ట మంటే. ఒక రాత్రి తిండి ఆపి చూడటం తప్పు కాదు. ఇవాళ అదే ఫోన్ వచ్చినా, అవే జవాబులు నిజమైతే, అదే చెబుతాను.

తప్పు "మోషన్స్" దగ్గర జరిగింది. నేను అడిగింది నీళ్ల విరేచనాల గురించి. వాళ్లు లేవన్నారు, నేను ఊపిరి పీల్చుకున్నాను. వాళ్లు చెప్పింది నిజమే, నీళ్ల విరేచనాలు లేవు. అసలు దొడ్డికే వెళ్లలేదు కాబట్టి లేవు. మన వాడుకలో "మోషన్ అయిందా" అంటే ఒక అర్థం, "మోషన్స్ అవుతున్నాయా" అంటే ఇంకో అర్థం. విరేచనం అన్న మాటకీ ఈ చిక్కే ఉంది. ఒక్క "లేవు" అనే జవాబు మంచి వార్త కావచ్చు, చెడ్డ వార్త కావచ్చు. ఏదో తేల్చుకోవాల్సింది నేను, తేల్చుకోలేదు.

ఇంకో లోపం కూడా ఉంది. ఆగమన్నాను గానీ ఎక్కడిదాకా ఆగాలో చెప్పలేదు. "ఇచ్చిన నీళ్లు కూడా కక్కేస్తే పొద్దుటి దాకా చూడకుండా ఫోన్ చేయండి" అని ఒక్క మాట అని ఉంటే, తెల్లవారుజామునే ఫోన్ వచ్చేది.

శుక్రవారం

పొద్దున్న ఐదింటికి నీళ్లు తాగాడు. ఇరవై నిమిషాల్లో అవే నీళ్లు కక్కేశాడు. ఏడింటికి మళ్లీ అంతే. ఇంటాయన మెడికల్ షాపుకు వెళ్లి వాంతుల బిళ్లలు తెచ్చి, ఒకటి బెల్లంముక్కలో పెట్టి మింగించాడు. మధ్యాహ్నానికి వాంతులు తగ్గాయి. తగ్గాయి కదా అని నాకు ఫోన్ చేయలేదు. సాయంత్రానికి కూడా తిండి వాసన చూడకపోయేసరికి ఆరున్నరకి క్లినిక్‌కి తీసుకొచ్చారు.

జ్వరం 101.8. కుక్కకు 101 నుంచి 102.5 మామూలే. చిగుళ్లు గులాబీ రంగులోనే ఉన్నాయి గానీ వేలికి జిగటగా తగిలాయి. మెడ మీద చర్మం పట్టి వదిలితే కాస్త నింపాదిగా వెనక్కి వెళ్లింది. ఐదు శాతం దాకా ఒంట్లో నీరు తగ్గిందని అంచనా వేశాను. పొట్ట నొక్కి చూడబోతే బిగబట్టాడు. కొవ్వు పట్టిన లాబ్రడార్ పొట్ట బిగిస్తే లోపల ఏముందో చేతికి తెలియదు. "భయపడి బిగిస్తున్నాడు" అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

ఏ మాత్ర వేశారని అడిగితే ఇంటాయన చొక్కా జేబులోంచి స్ట్రిప్ తీసి చూపించాడు. మెటోక్లోప్రమైడ్. అక్కడ నేను ఆగి ఆలోచించాల్సింది. ఆ మందు మెదడులో వాంతి పుట్టే చోటును అణచడమే కాదు, పొట్టనూ పేగు పై భాగాన్నీ కిందికి తోయిస్తుంది. దారి తెరిచి ఉంటే మేలే. దారిలో ఏదైనా అడ్డుపడి ఉంటే, మూసిన తలుపు మీదికి జనాన్ని తోసినట్టే. అడ్డం లేదని తేల్చుకోకుండా ఆ మందు ఇవ్వకూడదని మేం కాలేజీలోనే చదువుకుంటాం. పైగా మాత్ర పడ్డాక వాంతులు తగ్గితే, తగ్గింది రోగమో లక్షణమో చెప్పలేం.

నేను చేసింది దానికి ఇంకో పొర కప్పడం. పొట్ట మంట అన్న మొదటి ఆలోచననే పట్టుకుని, చర్మం కింద సెలైన్, కిలోకి 1 మిల్లీగ్రాము చొప్పున మారోపిటాంట్ ఇచ్చాను. మారోపిటాంట్ మంచి మందు, రోజూ వాడతాను. ఒక్క డోసు 24 గంటలు వాంతిని ఆపుతుంది. ఇక్కడ నాకున్న ఒకే ఒక్క హెచ్చరిక గంట ఆ వాంతే. దాన్ని నా చేత్తో నేనే మోగకుండా కట్టేశాను.

ఎక్స్‌రే ఎందుకు తీయలేదు? మిషన్ మా దగ్గర లేదు, ఊళ్లో ఇంకో చోట ఉంది, ఏడింటికి మూసేస్తారు. కుక్క నడిచి వచ్చింది, తోక ఊపింది. ఖర్చు గురించి కూడా ఆలోచించాను, వాళ్లు అడక్కుండానే. "రేపు తగ్గకపోతే తీద్దాం" అన్నాను. ఎక్స్‌రే ఎందుకు కావాలో, తీయకపోతే ఏం తప్పిపోవచ్చో చెప్పి నిర్ణయం వాళ్లకి వదిలేయాల్సింది. వాళ్ల జేబు గురించి నేను వాళ్ల బదులు నిర్ణయించకూడదు.

శనివారం

తొమ్మిదింటికి ఫోన్. "ఇంజెక్షన్ బాగా పనిచేసిందండీ, రాత్రి నుంచి ఒక్క వాంతీ లేదు." సంతోషించాను. మెత్తటి అన్నం రెండు ముద్దలు పెట్టి చూడమన్నాను. తింటున్నాడా, లేచి తిరుగుతున్నాడా అని అడగలేదు.

ఒంటిగంటన్నరకి ఫోన్ లేకుండానే ఆటోలో వచ్చేశారు. ఈసారి పెద్దావిడ కూడా వచ్చారు. ఆటోలో కక్కాడట. తువ్వాలు మీద గోధుమరంగు ద్రవం. వాసన వాంతి వాసనలా లేదు, పెంట వాసన. కుక్క గది మధ్యలో ముందుకాళ్లు నేలకు చాచి, ఛాతీ దించి, నడుం పైకెత్తి అలాగే నిలబడిపోయాడు. పొట్టలో నొప్పి ఉన్న కుక్క నిలబడే తీరు అది. "పొద్దుట్నుంచీ ఇలాగే దండం పెడుతున్నాడు" అన్నారావిడ.

బరువు 29.6. గుండె నిమిషానికి 148. చిగురు మీద వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్ల లోపు రంగు తిరిగి రావాలి, ఇతనికి మూడు దాటింది. నేను స్టెత్ తీస్తుండగా ఆవిడ అన్నారు:

"బాబూ, వీడు బుధవారం పొద్దున్న వెళ్లాడు దొడ్డికి. మళ్లీ వెళ్లలేదు. పెరడు ఊడ్చేది నేనే కదా."

మూడు రోజుల నుంచి నాకు కావాల్సిన సమాచారం ఆవిడ చీపురు దగ్గర ఉంది. నేను మాట్లాడింది ప్రతిసారీ కొడుకుతో. ఇంట్లో ఏమైనా మాయమైందా, ఏమైనా మింగి ఉంటాడా అని అడిగాను. పిల్లల సాక్సులు, బంతులు అన్నీ ఉన్నాయన్నారు. ఆవిడే మళ్లీ గుర్తుచేసుకున్నారు. ఆదివారం అందరూ చిన్నరసాలు తిన్నారు. టెంకలు వేసిన బకెట్ మర్నాడు పొద్దున్న పెరట్లో బోర్లాపడి ఉంది. కాకులు పడేశాయనుకున్నారు.

ఆదివారం మింగితే గురువారం దాకా ఏం జరిగినట్టు? అప్పటికి నాకూ ఇదే సందేహం వచ్చింది. టెంక పొట్టలో రోజుల తరబడి ఏ ఇబ్బందీ లేకుండా ఉండగలదు. పేగులోకి దిగి ఇరుక్కున్న రోజునే కథ మొదలవుతుంది. కాబట్టి "నిన్నా మొన్నా ఏం తిన్నాడు" అని అడిగితే సరిపోదు, వారం పది రోజుల వెనక్కి వెళ్లాలి.

తేల్చుకోవడం

ఎక్స్‌రేలో టెంక కనిపించలేదు. ఎముక, రాయి, లోహం కనిపించినట్టు టెంక తెల్లగా కనిపించదు, చుట్టూ ఉన్న పేగుతో కలిసిపోతుంది. కనిపించింది దాని వెనక ఆగిన గాలి. పక్కకి పడుకోబెట్టి తీసిన ఫిల్ములో ఐదో నడుం వెన్నుపూస ఎత్తు కొలిచి, ఉబ్బిన చిన్నపేగు వెడల్పుతో పోలుస్తాం. పేగు దానికి 1.6 రెట్లు దాటితే అడ్డం ఉందని అనుమానించాలి. ఇక్కడ వెన్నుపూస 13 మిల్లీమీటర్లు, పేగు 33. అంటే రెండున్నర రెట్లు. స్కానింగ్‌లో వంకీ తిరిగిన తెల్లటి గీత, దాని కింద దట్టమైన నల్లటి నీడ. ఇక సందేహం లేదు.

రక్తపరీక్షలో హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) 57 వచ్చింది. నీరు తగ్గి రక్తం చిక్కబడిందన్నమాట. పొటాషియం 3.1, క్లోరైడ్ కూడా తక్కువ. పొట్టలోని ఆమ్లమంతా బయటికి పోతే ఇలా అవుతుంది.

ఇక్కడ ఇంకో నిర్ణయం ఉంది. వెంటనే కోయాలా, ముందు సెలైన్ ఎక్కించాలా? కుటుంబం వెంటనే చేసేయమంది. టెన్షన్‌లో ఎవరైనా అదే అంటారు. కానీ నీరు ఎండిపోయి, పొటాషియం తగ్గిన కుక్కకి మత్తిస్తే టేబుల్ మీదే గుండె తప్పవచ్చు. ఎనిమిది శాతం నీరు తగ్గిందనుకుంటే 29.6 కిలోలకి లోటు 2.4 లీటర్ల దాకా ఉంటుంది. అంతా పూరించేదాకా ఆగితే పేగు కుళ్లవచ్చు. నాలుగు గంటలు తీసుకున్నాను. మొదట వేగంగా ఎక్కించిన సెలైన్‌లో పొటాషియం కలపలేదు, తర్వాత నెమ్మదిగా వెళ్లే సీసాలో కలిపాను. గుండె 148 నుంచి 110కి దిగింది, చిగుళ్లు తడిశాయి. ఏడింటికి మొదలుపెట్టాం.

పొట్ట తెరవగానే వేలికి తగిలింది. చిన్నపేగు మధ్యభాగంలో, పైన గొట్టంలా ఉబ్బిన పేగు, కింద తాడులా ముడుచుకున్న పేగు, మధ్యలో గట్టిగా టెంక. ఆ చోట పేగు వంకాయ రంగుకి తిరిగింది. టెంక మీదే కోయకుండా, దానికి దిగువన ఆరోగ్యంగా ఉన్న చోట కోసి, టెంకను వెనక నుంచి మెల్లగా నెట్టి బయటికి తీశాను. ఒత్తిడికి నలిగిన చోట కుట్లు నిలవవు, అందుకని.

స్టీలు ట్రేలో పెట్టి చూస్తే ఐదున్నర సెంటీమీటర్ల పొడవుంది. పీచు పైత్యంతో ఆకుపచ్చగా మారి తడి బ్రష్‌లా నిలబడి ఉంది. ఒక చివర మాత్రం ఇంకా మామిడిపండు పసుపే. ఆ పీచే పేగు గోడకి పట్టుకుని టెంకను కదలనివ్వలేదు. నున్నటి గోళీ అయితే జారిపోయి ఉండేదేమో.

తర్వాత పది నిమిషాలు ఏమీ చేయలేదు. గోరువెచ్చటి సెలైన్‌లో ముంచిన గాజుగుడ్డ కప్పి, పేగును చూస్తూ నిలబడ్డాం. వంకాయ రంగు ఎరుపైంది, ఎరుపు గులాబీకి వచ్చింది. గిల్లితే కదిలింది. పేగు ముక్క కోసి తీసేయాల్సిన అవసరం పడలేదు. ఇంకో రాత్రి గడిచి ఉంటే ఆ రంగు తిరిగి వచ్చేదని నేను చెప్పలేను.

కుట్లు వేసి, సెలైన్ నింపి కారడం లేదని చూసుకుని, పైన ఓమెంటం (పేగుల మీద పరుచుకుని ఉండే కొవ్వు పొర) కప్పి మూసేశాను. పన్నెండు గంటల తర్వాత నీళ్లు, నిలిచాక చెంచాలతో మెత్తటి తిండి. పేగు కుట్లు ఊడితే మూడో రోజు నుంచి ఐదో రోజు మధ్యలోనే ఎక్కువగా ఊడతాయి. ఆ మూడు రోజులూ రెండు పూటలా జ్వరం చూశాం, పొట్ట చూశాం. నాలుగో రోజు తెల్లవారుజామున వాళ్లింటి నుంచి వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. పెరట్లో మలం. కింద పెద్దావిడ మాటగా మనవరాలు టైపు చేసింది: "వెళ్లాడు."

ఇప్పుడు ఏం మారింది

వాంతి ఫోన్ వస్తే ఎన్నిసార్లు అన్నది ఇప్పుడూ అడుగుతాను గానీ మొదట కాదు. మొదటి ప్రశ్న, తాగిన నీళ్లు నిలుస్తున్నాయా? తిండి కక్కి నీళ్లు నిలుపుకున్న కుక్క, హుషారుగా ఉంటే, ఒక రాత్రి ఆగగలదు. నీళ్లు కూడా నిలవని కుక్క ఆగలేదు. రెండోది, చివరిసారి గట్టి మలం ఎప్పుడు, కళ్లారా చూసిందెవరు? చూసినవాళ్లకే ఫోన్ ఇమ్మంటాను. తరచూ అది ఇంట్లో పెద్దావిడో, పనమ్మాయో అవుతుంది. అయితే మలం వస్తోంది కదా అని అడ్డం లేదనుకోకూడదు. సగం మూసుకున్న దారిలోంచి పల్చటి విరేచనం జారవచ్చు, అడ్డానికి దిగువన ఉన్నది ముందు బయటికి రావచ్చు. మూడోది, ఈ పది రోజుల్లో ఇంట్లో టెంకలు, మొక్కజొన్న కంకులు, ఎముకలు, సాక్సులు, దారాలు. చివరిగా, ఏ మందు వేశారు.

వాంతి అని వాళ్లు చెప్పేది వాంతేనా అని కూడా చూస్తాను. డొక్కలు ఎగరేసి, చొంగ కార్చి కక్కితే వాంతి. తిన్న కాసేపటికి తల వంచగానే నమలని తిండి అలాగే జారిపడితే అది అన్నవాహిక సమస్య, దాని దారి వేరు. ఇప్పుడు వీడియో తీసి పంపమంటే ఎవరైనా పంపుతున్నారు.

ఆగమని చెబితే ఎక్కడిదాకానో కూడా చెబుతున్నాను. నీళ్లు కక్కినా, రక్తం కనిపించినా, పెంట వాసన వచ్చినా, పొట్ట పట్టి చూడనివ్వకపోయినా, పిలిస్తే లేవకపోయినా అర్ధరాత్రైనా ఫోన్ చేయమంటాను. ఇవేవీ లేకపోయినా 24 గంటలు దాటి వాంతులు సాగితే తీసుకురమ్మంటాను. రోజూ పొద్దున్నే పరగడుపున ఒక్కసారి పచ్చనురగ కక్కి, ఆ వెంటనే గిన్నె దగ్గరికి పరిగెత్తే కుక్కకి తొందర లేదు, రాత్రి పడుకోబోయే ముందు కాస్త తిండి పెడితే చాలాసార్లు సరిపోతుంది.

ఈ లెక్కలు వయసొచ్చిన, టీకాలు పడ్డ కుక్కకే. టీకాలు పూర్తికాని పిల్ల రెండుసార్లు కక్కి డీలాపడితే పార్వో కావచ్చు, ఆ పూటే చూపించాలి. పిల్లల ఆపరేషన్ కాని ఆడకుక్క, హీట్‌కి వచ్చి వెళ్లిన నెల రెండు నెలల్లో వాంతులు చేసుకుంటూ నీళ్లు విపరీతంగా తాగుతుంటే గర్భసంచిలో చీము చేరిందేమో చూడాలి. వీళ్లకి రాత్రి ఆగండి అని నేను చెప్పను.

మా క్లినిక్‌లో ఇప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్నాను. వాంతులు ఆపే ఇంజెక్షన్ ఇచ్చిన ప్రతి కుక్క కార్డు మీద మర్నాటి తేదీ రాస్తాను. ఆ రోజు మా అసిస్టెంటు ఫోన్ చేస్తాడు. "వాంతులు ఆగాయా" అని అడగడు. తిన్నాడా, లేచి తిరిగాడా, దొడ్డికి వెళ్లాడా అని అడుగుతాడు. ఒక్కదానికైనా కాదంటే ఆ రోజే ఎక్స్‌రే.

ఇంట్లోవాళ్లకి నేను చెప్పేది ఇంతే: ఉప్పునీళ్లు పట్టి కక్కించొద్దు, పాలు పట్టొద్దు, మనుషుల నొప్పి బిళ్లలు, వాంతుల బిళ్లలు వేయొద్దు. వేసేసి ఉంటే దాచకుండా స్ట్రిప్ తెండి. కక్కినదాన్ని కడిగే ముందు ఫొటో తీయండి. వచ్చేటప్పుడు పెరడు ఊడ్చేవాళ్లని వెంట తీసుకురండి.